అత్తయ్యతో కారులో శ్రీలంక

ఫిబ్రవరి 8, 2025. నెగొంబో

కటునాయక విమానాశ్రయానికి కొలంబో పేరు పెట్టుకున్నారు గానీ, అది ఉండేది నెగొంబో పక్కన. అందుకని కొలంబో జోలికి పోకుండా మొదటి రాత్రి ఇక్కడే దిగాం. చిన్న కారు, రోజుకి తొమ్మిది వేలు. కంగారు పడకండి, వాళ్ల రూపాయల్లో. మన రూపాయికి వాళ్లవి మూడున్నర దాకా వస్తాయి. మన ఇంటర్నేషనల్ లైసెన్సు ఒక్కటే అప్పుడు సరిపోలేదు, దానికి ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ సిలోన్ వాళ్ల అనుమతి కాగితం తోడు కావలసి వచ్చింది. కారు వాళ్లే ముందుగా తీయించి ఉంచారు. స్టీరింగు కుడివైపు, ట్రాఫిక్ ఎడమవైపు, అంతా మనలాగే. జీబ్రా గీతల మీద మనిషి కాలు పెడితే మాత్రం బండి ఆగాల్సిందే. మొదటి రోజు నేను ఆగకపోతే ఒక పెద్దాయన వేలు చూపించి మరీ ఆపాడు.

బయల్దేరే ముందు మా ఆయన ఎక్సెల్‌లో ఒక షీటు తయారుచేశారు. దాంట్లో జాఫ్నా ఉంది, ఆడమ్స్ పీక్ ఉంది, రెండు చోట్ల సఫారీ కూడా ఉంది. మ్యాపు ముందు కూర్చుంటే ఈ దేశం చిన్నగానే కనిపిస్తుంది. కొండదారుల్లో గంటకి పాతిక ముప్ఫై కిలోమీటర్లు పోతే గొప్ప. నేను షీటులో దూరాల కాలమ్ చెరిపేసి గంటల కాలమ్ పెట్టాను. దాంతో సగం ఊళ్లు వాటంతటవే రాలిపోయాయి. అత్తయ్య అడిగింది ఒక్కటే: త్రింకోమలి. అష్టాదశ శక్తిపీఠాల వరసలో మొదటి పేరు లంకలోని శాంకరీదేవిదే. "అంత దూరం వెళ్లి అమ్మవారిని చూడకుండా ఏనుగుల్ని చూసొస్తారా?" అన్నారు. త్రింకో ఉండిపోయింది, సఫారీలు పోయాయి.

పొద్దున్నే వీధిలోంచి సంగీతం. మన కార్లు రివర్స్ తీసేటప్పుడు మోగే లాంటి బీథోవెన్ బాణీ. ఏమిటా అని చూస్తే ఆటో. వెనక అద్దాల పెట్టెలో బన్నులు, రొట్టెలు. చూన్ పాన్ అంటారట. ఇంకో రెండు వీధులు తిరిగేదాకా ఆ బాణీ వినిపిస్తూనే ఉంది.

ఫిబ్రవరి 9. కురునెగల మీదుగా హబరణ

నూట యాభై కిలోమీటర్లకి నాలుగున్నర గంటలు, మధ్యలో భోజనం కాక. ఊళ్లలో యాభై, బయట డెబ్భై దాటకూడదు. ఖాకీ పోలీసులు చెట్టు నీడన స్పీడ్ గన్ పట్టుకుని నిలబడి ఉంటారు. ఎదురుగా వచ్చే బండి లైట్లు కొట్టి హెచ్చరిస్తుంది, ఆ మర్యాద అక్కడా ఉంది. ప్రైవేటు బస్సులకి మాత్రం ఏ రూలూ లేదు. అద్దంలో బస్సు కనిపిస్తే పక్కకి జరిగి దారివ్వడమే మంచిది.

పదకొండున్నర దాటాక దారి పొడుగునా కొట్లలో ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. దంబుల్ల దగ్గర భోజనానికి ఆగితే సంగతి తెలిసింది. దేశమంతా కరెంటు పోయింది. కారణం ఏంటంటే కోతి! కొలంబోకి దక్షిణాన పానదుర సబ్‌స్టేషన్‌లో ఒక కోతి ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలిందని స్వయంగా మంత్రిగారే చెప్పారట. హోటలాయన ఫోనులో చూసి ఇంగ్లీషులో చెబుతుంటే మా ఆయన అత్తయ్యకి తెలుగులో చెప్పారు. అత్తయ్య విస్తరి ముందు కూర్చుని, "లంకకి కోతి బెడద కొత్తదా ఏంటి?" అన్నారు. ఆ మాట హోటలాయనకి తిప్పి చెప్పేసరికి ఆయన వంటింట్లోకి వెళ్లి ఆడవాళ్లందరికీ చెప్పొచ్చాడు. లోపల్నుంచి నవ్వులు.

ఇక తిండి గురించి. మా అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. శ్రీలంక భోజనం చూడటానికి పూర్తి శాకాహారంలా ఉంటుంది: మట్టి కుండల్లో వరసగా పప్పు, పనసకాయ కూర, బీట్‌రూట్, వంకాయ, గొటుకొల ఆకు పచ్చడి. చిక్కంతా కొబ్బరి పచ్చడితోనే. పోల్ సంబోల్ అంటారు: తురిమిన కొబ్బరి, ఎండుమిరప, ఉల్లి, నిమ్మరసం, ఎర్రగా నోరూరిస్తూ ఉంటుంది. దాంట్లో సన్నగా, చెక్క తురిమినట్టు గోధుమరంగు పొట్టు కనిపిస్తే అది ఉంబలకడ. ఎండబెట్టిన మాల్దీవుల చేప. పప్పులోనూ వేస్తారు, కూరల్లోనూ వేస్తారు, అడిగితే "ఫిష్ లేదు, ఉంబలకడే" అంటారు. వాళ్ల లెక్కలో అది చేప కాదు, పోపుసామాను. కాబట్టి "వెజిటేరియన్" అనడం దండగ. "ఉంబలకడ ఉందా?" అని పేరు పెట్టి అడగాలి.

హబరణ గెస్ట్‌హౌస్ ఇల్లాలికి ఈ బాధ చెప్పాం. చెప్పగానే ఆమె అత్తయ్యని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. కరెంటు ఇంకా రాలేదు, కొవ్వొత్తి వెలుగు. ఇనప కోరు మీద కొబ్బరి తురిమి, రాతి మీద మిరపకాయలు, ఉప్పు నూరి, రెండూ చేత్తో పిసికింది. ఆఖర్న డబ్బా మూత తీసి, అత్తయ్య మొహం చూసి, మూత పెట్టేసి పైన అటక మీద దాచేసింది. ఆ రాత్రి ఇడియాప్పంలోకి ఆ సంబోల్ అత్తయ్య రెండుసార్లు వేయించుకున్నారు.

ఫిబ్రవరి 10. త్రింకోమలి

హబరణ నుంచి తిన్నటి దారి, రెండు గంటల్లోపే. కంతలే దాటేదాకా రెండువైపులా అడవి, "ఏనుగులు దాటు చోటు" బోర్డులు. గుడికి ఫోర్ట్ ఫ్రెడరిక్ అనే కోటలోంచి వెళ్లాలి. లోపల సైన్యం ఉంటుంది, చుక్కల జింకలూ ఉంటాయి. ఒకటి అత్తయ్య సంచీలో మూతి పెట్టి అరటిపండు లాగేసుకుంది.

పాత కోనేశ్వర శివాలయాన్ని 17వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు కూల్చి, ఆ రాళ్లు ఈ కోటకి వాడుకున్నారు. కొన్ని సముద్రంలో పడ్డాయి. 1956లో సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్, ఆయన మిత్రుడు మైక్ విల్సన్ ఈ కొండ కింద నీళ్లలో మునిగి ఆ శిథిలాలు చూశారు. ఇప్పుడున్నది ఆ తర్వాతి కాలంలో కట్టిన గుడి. కొండ అంచున రాయి నిలువునా చీలి ఉంటుంది. రావణుడు కత్తితో కోశాడని చెబుతారు. చెట్టుకి చిన్న చిన్న కర్ర ఊయలలు కట్టి ఉన్నాయి, పిల్లల కోసం మొక్కుకున్నవాళ్లు కట్టినవి.

శాంకరీదేవి సన్నిధి చిన్నదే. పూజారిగారు తమిళంలో గోత్రం అడిగారు. మా ఆయన చెన్నైలో చాలాకాలం ఉద్యోగం చేశారు కాబట్టి సమాధానం చెప్పగలిగారు. అత్తయ్య మాత్రం వచ్చిన పనేదో అయిపోయినట్టు స్తంభానికి ఆనుకుని కూర్చుని, పద్దెనిమిది పీఠాల్లో తను చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నారు. కింద సముద్రం రంగు చెబితే నమ్మరు, వదిలేస్తున్నా. త్రింకో రెండు రాత్రులు ఉండాల్సిన ఊరు. వెంటనే వెనక్కి రావడం నాకు నచ్చలేదు.

దారిలో కంతలే దగ్గర రోడ్డు పక్క కొట్లలో గేదె పెరుగు, మట్టి చట్టిల్లో. మీద కితుల్ పాకం పోసిస్తారు. కితుల్ అంటే జీలుగ చెట్టు, దాని కల్లు కాచి తీసిన పాకం అది. పెరుగు ఎంత గట్టిగా ఉందంటే చట్టి వంచినా కదల్లేదు. అత్తయ్య సమస్య సగం ఇక్కడే తీరిపోయింది.

ఫిబ్రవరి 11. సిగిరియ, మాతలే దారి

సిగిరియకి పొద్దున ఏడింటికి నేనూ మా ఆయనా వెళ్లాం, అత్తయ్య గెస్ట్‌హౌస్‌లోనే ఉండిపోయారు. దాదాపు 1,200 మెట్లు. మనలాంటి సార్క్ దేశాల వాళ్లకి విదేశీ టికెట్టులో తగ్గింపు ఉంది, పాస్‌పోర్టు చూపించాలి. 5వ శతాబ్దంలో కశ్యపుడనే రాజు తండ్రిని చంపించి, తమ్ముడికి భయపడి ఈ బండ మీద కోట కట్టుకున్నాడు. సగం దారిలో అద్దంగోడ ఉంటుంది. వెయ్యేళ్ల కిందట వచ్చిన యాత్రికులు దాని మీద పద్యాలు గీకిపోయారు. ఇప్పుడు గీకితే జైలు. పైన గాలి, జనం, సెల్ఫీలు. ఇంతకన్నా రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

నాకు నచ్చింది ఆ తర్వాత దారిలో కనిపించిన నాలందా గెడిగే. మెయిన్ రోడ్డు నుంచి కిలోమీటరు లోపలికి, చెరువు పక్కన ఒక్క రాతిగుడి. బౌద్ధులదే, కట్టుబడి మాత్రం పల్లవుల గుళ్ల తీరు. బోవతెన్న జలాశయంలో మునిగిపోతుందని 1980 ప్రాంతంలో రాయి రాయీ విప్పి పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. శ్రీశైలం నీళ్లలో మునగబోయిన గుళ్లని అలంపురం తరలించారు కదా, మనకి అర్థమయ్యే కథే. మేం తప్ప అక్కడ ఎవరూ లేరు, ఒక కాపలాదారూ ఆయన రేడియో తప్ప.

మాతలే చుట్టుపక్కల స్పైస్ గార్డెన్ బోర్డులు కనిపిస్తే బండి ఆపకండి. చూడటం ఉచితమే. చూశాక మోకాళ్ల నూనె ధర చెబుతారు.

ఫిబ్రవరి 12. కాండీ, పోయా రోజు

ప్రతి పౌర్ణమీ ఇక్కడ సెలవే. పోయా అంటారు. మద్యం అమ్మరు, మాంసం కొట్లు మూసేస్తారు. ఊరు ఊరంతా తెల్లబట్టల్లో దలద మాళిగావకి నడుస్తోంది. బుద్ధుడి దంతం ఉన్న గుడి అది. చెప్పులతోపాటు టోపీ కూడా తీసెయ్యాలి. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగితే తప్పుగా చూస్తారు. తొమ్మిదిన్నర పూజకి క్యూలో ఒక స్కూలు పిల్ల తన చేతిలో ఉన్న నీలి కలువల్లో రెండు తీసి అత్తయ్యకి ఇచ్చింది. ఖాళీ చేతుల్తో లోపలికి వెళ్లకూడదని వాళ్లమ్మ పంపిందట. దంతం కనిపించదు, బంగారు పేటిక మాత్రం కొన్ని క్షణాలు కనిపిస్తుంది. వెనకనుంచి జనం నెట్టరు. మన గుళ్లలో "జరగండి జరగండి" అలవాటైన మాకు అదే విచిత్రం.

కాండీని చివర్లో ఏలింది నాయక రాజులు. మధుర నాయకుల బంధువర్గం, మూలాలు తెలుగువే. 1739లో మొదలై 1815లో ముగిశారు. ఊరి మధ్య చెరువు తవ్వించింది ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడే. చెక్కస్తంభాల కొలువుకూటంలోనే 1815 మార్చి 2న రాజ్యం ఇంగ్లీషు వాళ్లకి రాసిచ్చారు. సొంత సర్దారులే ఆయన్ని పట్టించారు. వెల్లూరు కోటలో బందీగా ఉండి 1832లో పోయాడు. మేం వెల్లూరు ఎన్నోసార్లు వెళ్లాం, గోల్డెన్ టెంపుల్ చూసి వచ్చేశాం తప్ప ఈ సంగతి తెలీదు.

ఫిబ్రవరి 13, 14. నువర ఎలియ, తేయాకు దారి

మా ఆయనకి ఘాట్ రోడ్డులో కళ్లు తిరుగుతాయి కాబట్టి కొండలంతా నేనే నడిపాను. కాండీ నుంచి నువర ఎలియ డెబ్భై ఏడు కిలోమీటర్లే, మూడు గంటలు పైనే పట్టింది. రంబొడ వంపుల్లో ఒక కుర్రాడు పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాడు. వద్దన్నాం. పై వంపు తిరిగేసరికి అదే కుర్రాడు, అదే గుత్తి. మేం రోడ్డు చుట్టూ తిరిగి వచ్చేలోపు వాడు తేయాకు మొక్కల మధ్య నిట్టనిలువునా ఎక్కేశాడు. మూడో వంపులోనూ ఉన్నాడు, రొప్పుతూ, నవ్వుతూ. "ఆపవే అమ్మాయీ, గుండె పగిలి చస్తాడు!" అని అత్తయ్య అరిచారు. ఐదొందలు అడిగాడు, అత్తయ్య బేరం కూడా ఆడకుండా ఇచ్చి, మంచినీళ్ల సీసా ఇచ్చి, తాగేదాకా కదలనివ్వలేదు. బడి ఎందుకు మానేశావని తెలుగులో కోప్పడ్డారు. వాడు తలూపాడు.

నువర ఎలియలో చలి. ఒక్క రాత్రి చాలు. సీత ఎలియ గుడి రోడ్డు పక్కనే, వాగు ఒడ్డున ఉంటుంది. బండ మీద గుంటలు చూపించి హనుమంతుడి పాదాలంటారు. అశోకవనం ఇంత చల్లగా ఉంటుందని అత్తయ్య అనుకోలేదట. శాలువా లేకుండా సీతమ్మ ఎలా ఉందోనని బాధపడ్డారు.

మర్నాడు వెలిమడ వైపు వెళ్తుంటే ఫోన్లో మ్యాపు దగ్గరి దారి అని ఎడమకి తిప్పింది. తారు పోయి కంకర, కంకర పోయి మట్టి, చివరికి రేకుల షెడ్డు ముందు రోడ్డే అయిపోయింది. అది తేయాకు తూచే చోటు. పది పన్నెండు మంది ఆడవాళ్లు నెత్తికి తగిలించుకున్న సంచులు దించుతున్నారు. తక్కెడ పక్కన ఒకాయన పుస్తకంలో రాస్తుంటే ప్రతి మనిషీ మెడ వంచి తన అంకె చూసుకుంటోంది. ఒకామెకి ఆకు తడిగా ఉందని తూకంలో రెండు కిలోలు తగ్గించారట, ఆమె అక్కడే గొడవ పెట్టుకుంది. మా ఆయన తమిళం వినగానే అందరూ చుట్టూ చేరారు. అప్పటికి రోజుకి 1,350 రూపాయల కూలీ. మన లెక్కలో నాలుగొందలకి లోపే. వీళ్ల తాతముత్తాతల్ని ఇంగ్లీషు వాళ్లు తమిళనాడు నుంచి తెచ్చారు. 1948 చట్టంతో చాలామందికి పౌరసత్వం లేకుండా పోయింది. 1964 ఒప్పందం తర్వాత లక్షల మందిని ఇండియా పంపారు. ఒకామె పెదనాన్న అలా వెళ్లినవాడే. నీలగిరుల్లో ఉన్నాడని విన్నదట, ఎప్పుడూ చూడలేదు. మాకు టీ ఇచ్చారు. పాలు లేవు, చేతిలో బెల్లం ముక్క, కొరుక్కుంటూ తాగాలి. డబ్బు ఇవ్వబోతే ఆమె మొహం మారిపోయింది, జేబులో పెట్టేసుకున్నాం. వెనక్కి తిప్పడానికి చోటు లేక కారుని అందరూ కలిసి "రా, రా, ఆగు" అంటూ తిప్పించారు.

ఎల్ల ఊరు నాకు రుచించలేదు. వీధి పొడవునా కాఫీ షాపులు, పిజ్జాలు. తొమ్మిది తోరణాల వంతెన 1921 నాటిది, 91 మీటర్ల పొడవు, బాగుంటుంది. రైలు వచ్చేసరికి వంతెన కన్నా ఫోన్లే ఎక్కువ కనిపిస్తాయి. బండరవెల టీ కొట్టు మాత్రం గుర్తుండిపోయింది. అడక్కుండానే పళ్లెం నిండా రోల్స్, రొట్టెలు, వడలు తెచ్చి బల్ల మీద పెట్టేశాడు. ఇన్ని ఎవరడిగారని మా ఆయన కంగారు. తిన్నవే లెక్క, మిగిలినవి తీసుకెళ్లి పక్క బల్ల మీద పెడతాడు. మూడు మూలల మడత అయితే కూరగాయలు, నలుచదరం అయితే చేప అని కుర్రాడు వేలితో చూపించాడు. అత్తయ్య మూడు మూలలది విప్పి, లోపల బంగాళాదుంప కనిపించాకే తిన్నారు.

ఫిబ్రవరి 15. బుత్తల అడవి, కతరగామ

వెల్లవాయ దిగాక ఎండ. బుత్తల నుంచి కతరగామకి రోడ్డు యాల అడవి అంచున పోతుంది. ఈ దారిలో ఏనుగులు బండ్లు ఆపి తిండి అడుగుతాయి. యాత్రికులు పెట్టి పెట్టి అలవాటు చేశారు. పెట్టకూడదని చట్టం. గెస్ట్‌హౌస్ ఆయన మూడు ముక్కలు చెప్పాడు: చీకటి పడకముందే దాటండి, అద్దాలు ఎత్తేయండి, పళ్లు డిక్కీలో దాచండి.

సగం దారిలో నిలబడే ఉంది. ఒంటరి మగ ఏనుగు, సరిగ్గా రోడ్డు వారన, తొండం తారు మీద ఆనించి. మా ముందు ఒక వ్యాను ఆగింది, కిటికీలోంచి అరటిగెల బయటికొచ్చింది. అది తింటూ రోడ్డు మధ్యకి జరిగింది. ఇక ఎవరూ కదల్లేరు. నాకు చేతులు చెమటలు పట్టాయి. వెనక నుంచి ఎర్ర బస్సు వచ్చి మా పక్కన ఆగింది. డ్రైవరు కిందికి చూసి, చేత్తో "నా వెనకే, దగ్గరగా" అని సైగ చేశాడు. హారను కొట్టలేదు, ఇంజను గట్టిగా రేపుతూ మెల్లిగా కదిలాడు. ఏనుగు బస్సుకి దారిచ్చింది. ఆ బంపరుకి అంటుకుని మేమూ దాటాం. ఏనుగు కన్ను నా కిటికీకి ఎంత దగ్గరగా వచ్చిందంటే, చుట్టూ ముడతల్లో ఎండిన బురద కనిపించింది. అత్తయ్య కళ్లు మూసుకుని గణపతి శ్లోకం చదువుతున్నారు.

కతరగామలో సుబ్రహ్మణ్యస్వామి. సింహళ బౌద్ధులకీ, తమిళులకీ, ముస్లింలకీ అందరికీ క్షేత్రమే. సాయంత్రం మాణిక్యగంగలో కాళ్లు కడుక్కుని పళ్ల తట్ట కొనుక్కుని వెళ్లాలి. గుళ్లో విగ్రహం కనబడదు, బొమ్మ వేసిన తెర మాత్రమే. దాని వెనక ఏముందో పూజారులకే తెలుసు. కొబ్బరికాయ మీద కర్పూరం వెలిగించి, మొక్కు చెప్పుకుని, మండుతుండగానే బండకేసి కొడతారు. పగలకపోతే మొక్కు తీరదట. అత్తయ్య కాయ రెండు చెక్కలైంది.

ఫిబ్రవరి 16, 17. తీరం వెంట గాలే, తిరుగు దారి

తిస్స దగ్గర మళ్లీ పెరుగు చట్టి. కొగ్గలలో కర్రల మీద కూర్చుని చేపలు పట్టేవాళ్లని చూశాం. ఇప్పుడు చేపలకన్నా ఫొటోలకే కూర్చుంటున్నారు, కెమెరా తీస్తే డబ్బులడుగుతారు. గాలే కోట బురుజుల మీద సాయంత్రం ఊరంతా ఉంటుంది: గాలిపటాలు, క్రికెట్, గొడుగు కింద ప్రేమజంటలు. లోపల కాఫీ పదకొండొందలు. కోట బయట బస్టాండు దగ్గర అదే డబ్బుకి ముగ్గురం కడుపునిండా కొత్తు, అంటే తరిగిన రొట్టె ముక్కల వేపుడు, తిన్నాం.

కొలంబో వైపు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. అయినా కొంత దూరం తీరం రోడ్డే పట్టాం, పెరలియ కోసం. 2004 డిసెంబరు 26న సునామీ ఇక్కడ నిండు రైలుని పట్టాల మీంచి ఎత్తి పడేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. ఇప్పుడు పెద్ద బుద్ధుడి విగ్రహం, పక్కన స్మారకం. ఆ ఊరావిడ ఒకతె చిన్న గదిలో ఫొటోలు పెట్టి చూపిస్తోంది. టికెట్టు లేదు, ఇచ్చింది తీసుకుంటుంది. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గీత చూపించింది, మా ఆయన తల కన్నా పైన.

నెగొంబోలో కారు అప్పగించేటప్పుడు మీటరు వెయ్యి కిలోమీటర్లు దాటింది. లీటరు మూడొందల చిల్లర చొప్పున పెట్రోలుకి ఇరవై రెండు వేలు, గెస్ట్‌హౌస్‌లు రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు వేల మధ్య. ఎంట్రీ టికెట్లు వేరే. మళ్లీ వెళ్తే నువర ఎలియ, ఎల్ల తీసేసి ఆ రాత్రులు త్రింకోకి ఇస్తాను. మా ఆయన జాఫ్నా అంటున్నారు. అత్తయ్య అప్పుడే జాఫ్నా దగ్గరి నైనాతీవులో నాగపూషణి అమ్మవారి గుడికి పడవలు ఎన్నింటికో కనుక్కోమంటున్నారు.